సూర్యుడికి వీపు పెట్టిన యంత్రం

కానిస్టేబులు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు సూర్యుణ్ణి చూశాడు. తర్వాత తిరిగి మా యంత్రాన్ని చూశాడు. మళ్లీ సూర్యుణ్ణి చూశాడు.

బడి వదిలి ఎంతోసేపు కాలేదు. మేం బడి డాబా మీద ఉన్నాం. పడమర, బెంగళూరు హైవే పక్కనున్న ధాబా హోటలు రేకుల పైన సూర్యుడు ఇంకా బాగానే ఉన్నాడు. ఆయన ఎటు పోతే అటు తిరగాల్సిన మా సోలార్ యంత్రం ఆయనకు వీపు పెట్టి నిలబడింది. తూర్పున, విమానాశ్రయం వైపు, రెప్ప వేయకుండా చూస్తోంది.

"మేడం, ఇది సూర్యుణ్ణి చూస్తదని కింద మీ పోరగాళ్లు చెప్పిన్రు," అన్నాడు కానిస్టేబులు. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మరి ఎయిర్‌పోర్టును ఎందుకు చూస్తున్నది?"

నాకు తెలియదన్నాను. బీఎస్సీ, బీఈడీ చదివిన మనిషి చెప్పాల్సిన జవాబు కాదు అది.

అప్పటికి విమానాశ్రయం వచ్చి నాలుగైదేళ్లయింది. నేను తొండుపల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. నా ఇద్దరు పిల్లలూ అదే బడిలో చదివేవాళ్లు. కొడుకు మూడో తరగతి, కూతురు ఎల్‌కేజీ. ఆ ఎండాకాలం కరెంటు కోతలు విపరీతంగా ఉండేవి. ఒకరోజు ఏడో తరగతిలో పునరుత్పాదక ఇంధన వనరుల పాఠం మొదలుపెట్టాను. ఆ మాట పలకడానికి పిల్లలు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకునేవాళ్లు. బోర్డు మీద ఆ మాట రాయడం పూర్తయ్యేలోపే ఫ్యాను ఆగిపోయింది. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "టీచర్, ఎయిర్‌పోర్టుల కరెంటు ఎందుకు పోదు?" అని అడిగింది. పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అడిగిన పిల్ల కూర్చోకుండా అలాగే నిలబడింది.

అలా మొదలైంది యంత్రం. కోఠీ బజారుకు పోయి పలక అంత సోలార్ ప్యానెల్, చిన్న మోటారు, ఒక బ్యాటరీ తెచ్చాను. పాడైపోయిన టేబుల్ ఫ్యాను కాడకు ప్యానెల్ బిగించాం. ప్యానెల్ పైన చొక్కా గుండీలంత సెన్సర్లు రెండు పెట్టి, వాటి మధ్య అట్టముక్క అడ్డం నిలబెట్టాం. ఎడమ సెన్సరుకు వెలుతురు ఎక్కువగా తగిలితే మోటారు ఎడమకు తిప్పుతుంది. కుడిదానికి ఎక్కువైతే కుడికి. రెండింటికీ సమానంగా తగిలినప్పుడు ఆగుతుంది, అంటే సరిగ్గా సూర్యుడికి ఎదురుగా. పిల్లలకు సులభంగా అర్థమవుతుందని ఆ రెండింటినీ కళ్లన్నాను. మధ్యలో ఉన్న అట్టముక్క దానంతటదే ముక్కు అయింది. ఆడపిల్లలు స్కెచ్ పెన్నుతో కనుబొమలు గీశారు. మగపిల్లలు మీసాలు గీయబోతే వద్దన్నాను.

అది నిజంగా పనిచేసింది. పొద్దున తూర్పుకు, అంటే విమానాశ్రయం వైపు తిరిగేది. మధ్యాహ్నం తల పైకెత్తలేక నడుమ ఎక్కడో ఆగేది. సాయంత్రానికి హైవే వైపు వచ్చేది. కదలని ప్యానెల్ కంటే ఇది ఎక్కువ కరెంటు ఇస్తుందని పిల్లలు బల్బు వెలుగు చూసి తేల్చారు. యంత్రం పెట్టిన బల్లకు నాలుగు వైపులా తెల్ల పెయింటుతో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని రాశారు. రోజూ భోజనం గంటలో బడి మొత్తం డాబా ఎక్కి దాన్ని చూసేది. మా కరస్పాండెంటు సారు, అంటే బడి యజమాని, మొదటి రోజు ఇదంతా దండగ అన్నాడు. రెండో రోజు నుంచి తన సెల్‌ఫోను దానికి చార్జింగు పెట్టుకున్నాడు.

ఇక కానిస్టేబులు సంగతి. ఆ రాత్రి ఢిల్లీ నుంచి ఎవరో పెద్దమనిషి దిగుతున్నాడట. చుట్టుపక్కల ఊళ్లలో డాబాలన్నీ ఒకసారి చూసి రమ్మని వీళ్లను పంపారు. పొద్దుటి నుంచి ఆయన నీళ్ల ట్యాంకులు, డిష్షులు, ఎండబెట్టిన మిరపకాయలు, వడియాలు చూసుకుంటూ వచ్చాడు. కనుబొమలున్నది మాత్రం ఇదే మొదటిదని ఆయనే చెప్పాడు.

"నేనైతే ఇది పిల్లల ఆటసామాను అనుకుంటున్న," అన్నాడు. "కానీ చూసీ చూడనట్టు పోతె రేపు నా మీదికి వస్తది. ఎస్సై సారు దగ్గర్లనే ఉన్నడు, పిలుస్త. ఆయన వచ్చేసరికి దీన్ని జర సూర్యుని దిక్కు తిప్పుండ్రి. తిరిగితె సరే. తిరగకుంటె మిషను ఠాణాకు పోతది, మీరు గూడ వచ్చి బయాను ఇయ్యాలె."

బయాను అంటే వాంగ్మూలం. వాంగ్మూలం అంటే పోలీసు కాగితాల్లో నా పేరు, దాని పక్కన నా భర్త పేరు. నా భర్త విమానాశ్రయం కార్గోలో పని చేసేవాడు. లోపలికి పోవాలంటే మెడలో పాసు ఉండాలి. ఆ పాసు రావాలంటే పోలీసులు వచ్చి ఇల్లు, వాకిలి, మనిషి గురించి విచారించి బాగున్నాడని రాయాలి. పాసును తిరిగి రాయించుకునే గడువు అప్పుడే దగ్గర పడింది. విమానాలను చూసే యంత్రం పెట్టిన ఆడమనిషి మొగుడికి ఎవరు రాస్తారు బాగున్నాడని? పాసు లేకపోతే పని లేదు. కొత్వాల్‌గూడలో అత్తగారి భూమి ఎప్పుడో పోయింది. మాకున్నదంతా ఆ మెడలోని ప్లాస్టిక్ ముక్కే.

నేను ముందే భయస్తురాలిని. పిల్లలకు కాటుకతో దిష్టి చుక్క పెట్టకుండా ఒక్కరోజు కూడా గడప దాటనిచ్చేదాన్ని కాదు. కాటుక డబ్బీ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉండేది. కొత్త గ్యాసు పొయ్యికి చుక్క పెట్టాను, ఆయన బండికి పెట్టాను, చివరికి ఆయన పాసు వెనకవైపు కూడా పెట్టాను. ఇదేందని గేటు దగ్గర అడిగితే ఇంట్లో చిన్నపిల్ల ఉందని చెప్పి బయటపడ్డాడట.

కరస్పాండెంటు సారు ఎగశ్వాసతో మెట్లెక్కి వచ్చాడు. వస్తూనే, ఈ మిషనుకూ మా బడికీ ఎలాంటి సంబంధం లేదని, ఇది మేడం సొంతంగా చేసుకున్నదని కానిస్టేబులుకు చెప్పాడు. ఆయన చెబుతుండగానే యంత్రానికి వేలాడుతున్న ఆయన సెల్‌ఫోను మోగింది. కానిస్టేబులు దాన్ని తీసి ఆయన చేతికిచ్చాడు. ఆ తర్వాత సారు కూడా మాతో కలిసి యంత్రాన్ని తిప్పే పనిలో పడ్డాడు.

చేత్తో హైవే వైపు తిప్పాం. వదలగానే గుయ్యిమంటూ తూర్పుకు పోయింది. మళ్లీ తిప్పాం. మళ్లీ పోయింది. మూడోసారి కరస్పాండెంటు సారు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, మోటారు లోపల మూలిగింది, కాలిన వాసన వచ్చింది, వదిలేయమన్నాను. బడి ఆయమ్మ వంటగదిలోంచి పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి ఎండను దాని ముఖం మీదికి కొట్టింది. ఆ వెలుతురు కానిస్టేబులు కళ్లలో పడిందే కానీ యంత్రం కదల్లేదు.

విమానాశ్రయం కనబడకపోతే అదే తిరుగుతుందని కరస్పాండెంటు సారు అన్నాడు. ఆయనా ఆయమ్మా కింది నుంచి ఒక దుప్పటి తెప్పించి చెరొక కొస పట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డారు. యంత్రం దుప్పటిని చూస్తూ ఉండిపోయింది. కానిస్టేబులు కాసేపు ఓపిక పట్టి, "సార్, ఇప్పుడు మీరు ఏదో దాస్తున్నట్టు కనబడుతున్నది, తీసెయ్యుండ్రి," అన్నాడు.

చివరికి బల్లనే తిప్పుదామన్నాడు కరస్పాండెంటు సారు. యంత్రం తిరగకపోతే పోనీ, దాని కింద ఉన్నది తిరుగుతుంది కదా. ముగ్గురం పట్టుకుని బల్లను అటుదిటు చేశాం. ఇప్పుడు యంత్రం సూర్యుడికి ఎదురుగా నిలబడింది. సారు ముఖం చెమటలోనే వెలిగింది. కానిస్టేబులు బల్ల చుట్టూ ఒకసారి నడిచి, పెయింటు అక్షరాల దగ్గర ఆగాడు.

"మేడం, సూర్యుడు ఇగ తూర్పుల మునుగుతడా?"

మళ్లీ ముగ్గురం పట్టుకుని బల్లను మొదట ఉన్నట్టే పెట్టాం.

ఇదంతా జరుగుతుంటే సూర్యుడు ధాబా రేకుల మీదికి దిగాడు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఎస్సై ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని అంతవరకూ అనుకుంటున్నాను. కానీ ఆయన వచ్చేసరికి సూర్యుడే లేకపోతే? మా యంత్రం సూర్యుణ్ణి చూస్తుందని చూపించడానికి సూర్యుడు కావాలి. నేను వైర్లు ఒక్కొక్కటిగా లాగి చూశాను. బ్యాటరీ చూశాను. మోటారు చూశాను. స్క్రూ డ్రైవరు రెండుసార్లు జారిపోయింది. పొద్దున బాగా తిరిగింది. భోజనం గంట ముందు కూడా బాగా తిరిగింది. మధ్యాహ్నం ఏడో తరగతి వాళ్లు వచ్చి, టీచర్, మిషను మళ్లీ ఎయిర్‌పోర్టు దిక్కు పోయింది, దానికి విమానాలంటే ఇష్టం ఉన్నట్టుంది అని చెప్పారు. నేను నవ్వాను. నవ్వి ఎనిమిదో తరగతికి పోయాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఎస్సై వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. చేతిలో వైర్‌లెస్ సెట్టు గరగరలాడుతోంది. సూర్యుణ్ణి, యంత్రాన్ని, స్టీలు పళ్లేన్ని, దుప్పటిని వరుసగా చూసి, ఇది ఎవరిదని అడిగాడు. కరస్పాండెంటు సారు నా వైపు చూశాడు. నాది అన్నాను. మీవారు ఏం చేస్తారని అడిగాడు. నేను కింద పడ్డ స్క్రూ డ్రైవరు తీసుకోవడానికి వంగాను.

అప్పుడే నా పిల్లలు ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. ఇంటికి పోయే వేళ దాటిపోయిందని కింద ఏడుపు మొదలుపెట్టిందట చిన్నది. డాబా మీద ఇంతమంది నిలబడి యంత్రాన్నే చూడడం చూసి నా కొంగు పట్టి లాగింది.

"అమ్మా, చుక్క పెట్టిన గద. అయిన గూడ దిష్టి తగిలిందా?"

నేను దాన్ని ఎత్తుకోబోయి చెయ్యి పట్టుకున్నాను. చూపుడు వేలు గోరు దాకా నల్లగా ఉంది. గౌను మీద రెండు నల్ల మరకలున్నాయి.

"దేనికి పెట్టినవ్ చుక్క?"

"మిషనుకు. అందరు దాన్నే చూస్తున్నరని."

"ఏడ పెట్టినవ్?"

అది నన్ను వింతగా చూసింది. "కంట్ల. కాటుక కండ్లకే గద పెట్టేది. ఒక్క కంటికే పెట్టిన అమ్మా, అంతల బెల్లు కొట్టిన్రు."

మూడో తరగతి చదివే నా కొడుకు, తానే చెల్లెలిని బల్ల మీదికి ఎత్తానని, కానీ చుక్క ఎక్కడ పెడుతుందో తనకు తెలియదని, ఎవరూ అడగకుండానే చెప్పేశాడు.

నేను వంగి చూశాను. సూర్యుడికి వీపు పెట్టడం వల్ల దాని ముఖం నీడలో ఉంది. పైన నల్లటి కనుబొమలు. వాటి కింద కుడి కంటిలో కాటుక నిండుగా, ఎంతో శ్రద్ధగా పూసి ఉంది. ఆ కంటికి లోకమంతా చీకటి. ఎడమ కంటికి మాత్రం వెలుతురు ఉంది. అందుకే వెలుతురున్న ఎడమ వైపుకు, అంటే తూర్పుకు, ఇక తిరగడానికి వీల్లేనంత దూరం తిరిగి అక్కడ ఆగిపోయింది. నేను చెప్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా పాటించింది పాపం.

ఇదంతా ఎస్సైకి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. ఆయన నన్ను కాక నా కూతురి వేలిని చూస్తున్నాడు. తుడవమన్నాడు. కొంగు కొస తడి చేసుకుని తుడిచాను. మొదటిసారి కాటుక ఇంకా పాకింది. రెండోసారి పోయింది.

యంత్రం గుయ్యిమంది. తల కొంచెం అదిరింది. తర్వాత మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. దాని చూపు ముందుగా ఆయమ్మ మీదికి వచ్చింది, ఆయమ్మ పక్కకు జరిగింది. కరస్పాండెంటు సారు మీదికి వచ్చింది, ఆయన గోడకు అతుక్కున్నాడు. కానిస్టేబులు జరిగాడు. ఎస్సై కూడా, ఎందుకో తెలియదు, టోపీ సవరించుకుని దారి ఇచ్చాడు. అది అందరినీ దాటుకుని పోయి ధాబా రేకులకు ఆనుకున్న ఎర్రటి సూర్యుడి ఎదుట ఆగింది.

సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా ఒక విమానం పోయింది. డాబా మీద అందరం తలలెత్తాం. అన్నేళ్లుగా చూస్తున్నా మా ఊళ్లలో ఎవరూ ఆ అలవాటు మానుకోలేదు. తల ఎత్తనిది యంత్రం ఒక్కటే.

ఎస్సై ముందుగా చూపు దించి దాన్ని గమనించాడు. "విమానాన్ని పట్టించుకుంటలేదు," అన్నాడు కానిస్టేబులుతో. అది సర్టిఫికెట్టు ఇచ్చినట్టే ఉంది. బయాను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్దమనిషి వచ్చి పోయేదాకా దీన్ని లోపల పెట్టుకొమ్మని చెప్పి, మెట్ల దగ్గర ఆగి, మీవారు ఏం చేస్తారో చెప్పలేదన్నాడు. కార్గోలో పని చేస్తాడన్నాను. ఓహో అని దిగిపోయాడు.

సూర్యుడు మునిగాడు. ఊరికి కరెంటు లేదు. తూర్పున విమానాశ్రయం దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ చీకట్లో వెలుతురన్నది అక్కడే ఉంది. నా వెనక గుయ్యిమని చప్పుడైంది. తిరిగి చూస్తే యంత్రం మెల్లగా, ఏ తప్పూ ఎరగనట్టు, మళ్లీ తూర్పుకు తిరుగుతోంది. ఎస్సై బండి ఇంకా కిందనే స్టార్టవుతోంది. కానిస్టేబులు మాత్రం పైనే ఉన్నాడు, యంత్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత వంగి కింద పడి ఉన్న దుప్పటి తీసి దాని మీద కప్పాడు.

"చీకటి అయింది మేడం," అన్నాడు. "ఇగ దాన్ని పండబెట్టుండ్రి."

కరస్పాండెంటు సారు దాన్ని తన గదిలోకి మోయించాడు. దుప్పటి తీశాక, బ్యాటరీ వైరు పీకేదాకా అది ఇన్వర్టరు ట్యూబులైటు వైపు తల తిప్పుకుని కూర్చుంది. ఆయమ్మకు మాత్రం తృప్తి కలగలేదు. ఇంత జరిగాక కూడా చిన్నపిల్ల పెట్టిన చుక్క తుడిచేస్తారా అని, బల్ల కాలికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. అక్కడైతే ఏ కంటికీ అడ్డం రాదని నేను ఊరుకున్నాను.

నా భర్త పగటి షిఫ్టు దిగి వచ్చాడు. కంచం ముందు కూర్చుని నవ్వుతూ, ఇవ్వాళ గేటు దగ్గర అందరూ ఒకటే ముచ్చట అన్నాడు. "తొండుపల్లి దిక్కు ఎవరో టీచరమ్మ డాబా మీద ఫిరంగి పెట్టిందట. విమానం ఎటు పోతె గటు తిరుగుతదట. దానికి మీసాలు గూడ ఉన్నయంట."

"మీసాలు లేవు," అన్నాను. "కనుబొమలే."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. నేను మొదటి నుంచీ చెప్పాను. ఆయన మెడలోని పాసు ఇంకా తీయలేదు. అంతా విన్నాక ఎడమ చేత్తో దాన్ని తిప్పి వెనకవైపు చూసుకున్నాడు. నేను పెట్టిన చుక్క సగం చెరిగిపోయి ఇంకా ఉంది. బొటనవేలితో తుడవబోయాడు. ఏమనుకున్నాడో, తుడవకుండా పాసును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కూర ఇంకొంచెం వేయమన్నాడు.

అదంతా జరిగిన కొన్నేళ్లకు, ఒక రాత్రి పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఇప్పటికీ ఏ చప్పుడైనా ముందు భయమే వేస్తుంది నాకు. ఆ తర్వాతే చూడడం.

ఎస్సై వచ్చిపోయిన మర్నాడు పొద్దున పిల్లలను బడికి తయారుచేస్తున్నాను. కొడుకు జరిగిందంతా క్లాసులో ఎలా చెప్పాలో సాక్సు వేసుకుంటూనే పాఠంలా అప్పజెప్పుకుంటున్నాడు. వాడి మాటల్లో ఎస్సై చేతికి అప్పుడే తుపాకీ వచ్చింది. కూతురు జడ వేయించుకుని, రోజూలాగే కళ్లు గట్టిగా మూసుకుని ముఖం పైకెత్తి నిలబడింది. నేను కాటుక డబ్బీ తెరిచాను. వేలు ముంచాను. పెట్టాలా వద్దా అని మొదటిసారి ఒక్క క్షణం ఆగాను. అది ఒక కన్ను తెరిచి, ఇంకా ఎందుకు పెట్టలేదని చూసింది.

దాని చెంప మీద చుక్క పెట్టాను. వాడికీ పెట్టాను. ఇద్దరినీ దగ్గరికి పిలిచి చెప్పాను:

"బడిల ఎవరన్న అడిగితె తుపాకి లేదు, ఫిరంగి లేదు అని చెప్పుండ్రి. మన మిషను మంచిదే, అది ఎండ దిక్కే చూస్తది. ఇగ ఒకటి మాత్రం యాది పెట్టుకోండ్రి. దిష్టి చుక్క ఎవరికన్న పెట్టాలంటె చెంపకు పెట్టాలె. కంటికి పెట్టొద్దు."